రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు సాంకేతిక సేవలు: బయటికి ఇవ్వదగినవి, చేతిలో ఉంచుకోవలసినవి

రైతు ఉత్పత్తిదారుల సంస్థ ఆశయంలో రైతు సంఘమే అయినా ఆచరణలో ఒక చిన్న వ్యాపార సంస్థ. ఎరువులు, విత్తనాలు తెచ్చి అమ్ముతుంది. సభ్యుల పంటను సేకరించి, శుభ్రపరచి, గిట్టుబాటయ్యే చోట అమ్ముతుంది. లెక్కలు రాస్తుంది, పన్ను పత్రాలు దాఖలు చేస్తుంది. ఈ పనులలో దాదాపు ప్రతిదానికీ నేడు కంప్యూటరుతోనో, ఫోనుతోనో, మరొక యంత్రంతోనో సంబంధం ఉన్నది. ఆ సాంకేతిక పనులను సొంత సిబ్బందితో చేయించుకోవాలా, రుసుము చెల్లించి బయటి సంస్థకు అప్పగించాలా అన్న ప్రశ్న సంచాలక మండలి సమావేశాలలో తరచుగా చర్చకు వస్తున్నది. సాధారణంగా దానికి సమాధానం "ఎవరు తక్కువకు చేస్తారు?" అన్న ఒక్క ప్రమాణంతోనే తేలిపోతున్నది.

ఈ ప్రమాణం చాలదన్నది నా అభిప్రాయం. వరి కోత యంత్రాన్ని సొంతంగా కొన్న చిన్న రైతు అరుదు. గంటల లెక్కన అద్దెకు తెచ్చుకుంటాడు. అది సరైన నిర్ణయమే. కాని వచ్చే పంటకు దాచుకున్న విత్తనాన్ని అదే రైతు పరాయి గాదెలో పోసి, తాళం చెవి కూడా వారికే ఇవ్వడు. సాంకేతిక సేవల విషయంలోనూ ఈ విచక్షణే కావాలి. శ్రమను, నైపుణ్యాన్ని అద్దెకు తెచ్చుకోవచ్చు; సంస్థ జ్ఞాపకాన్ని, నిర్ణయాధికారాన్ని అద్దెకు ఇవ్వరాదు.

ప్రశ్న ఇప్పుడు ఎందుకు ముఖ్యం?

ఉత్పత్తిదారుల కంపెనీలకు 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణతో చట్టబద్ధత ఏర్పడింది. 2020 ఫిబ్రవరి 29న ప్రారంభమైన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల ఏర్పాటు పథకంతో వాటి సంఖ్య వేగంగా పెరిగింది. ఈ పథకం కింద మైదాన ప్రాంతాలలో కనీసం 300 మంది సభ్యులు ఉండాలి. ఒక్కొక్క సంస్థకు నిర్వహణ వ్యయం కింద 3 సంవత్సరాలలో 18 లక్షల రూపాయల వరకు సహాయం లభిస్తుంది. అందులో ముఖ్య కార్యనిర్వహణాధికారి వేతనానికి నెలకు గరిష్ఠంగా 25,000, గణకునికి గరిష్ఠంగా 10,000 రూపాయలు కేటాయించారు. ఈ రెండు వేతనాలే 36 నెలలకు 12 లక్షల 60 వేలు అవుతాయి. అంటే మొత్తం సహాయంలో 70 శాతం ఇద్దరు మనుషులకే సరిపోతుంది. మూడేళ్ల తరువాత ఆ వేతనాలను సంస్థ తన రాబడి నుంచే భరించాలి.

సంస్థకు చేయూతనిచ్చే క్లస్టర్ ఆధారిత వ్యాపార సంస్థలో పంటల యాజమాన్యం, మార్కెటింగ్, సామాజిక సమీకరణ, న్యాయ-గణక వ్యవహారాల నిపుణులతో పాటు సమాచార సాంకేతిక నిపుణుడు కూడా ఉండాలని పథకం నిర్దేశించింది. ఆ చేయూత 5 సంవత్సరాలకు పరిమితం. సూక్ష్మంగా చూస్తే ఇది కూడా బయటి సేవే. రుసుము ప్రభుత్వం చెల్లిస్తున్నది, అంతే తేడా. ఐదేళ్లు నిండిన రోజున ఆ నిపుణుడు వెళ్లిపోతాడు. ఆయన కంప్యూటరులోని పట్టికలు, ఆయన ఫోను నంబరుతో తెరిచిన ఖాతాలు, ఆయనకు మాత్రమే తెలిసిన పాస్‌వర్డులు ఎక్కడ మిగులుతాయి? బయటి సేవ తీసుకోవాలా వద్దా అన్నది చాలా సంస్థలకు కొత్తగా తేల్చుకోవలసిన ప్రశ్న కాదు. అవి పుట్టినప్పటి నుంచే బయటి సేవపై నడుస్తున్నాయి. ఆ సేవ ఆగిన తరువాత ఏమి చేయాలన్నదే అసలు ప్రశ్న.

ఆర్థిక శాస్త్రం చెప్పేది

ఒక పనిని సంస్థ లోపల చేయించుకోవాలా, బజారు నుంచి కొనుక్కోవాలా అన్న అంశాన్ని రోనాల్డ్ కోస్ 1937లోనే తన ప్రసిద్ధ వ్యాసంలో చర్చించారు. బజారులో కొనడానికి ధర ఒక్కటే కాదు, వెతకడం, బేరమాడటం, ఒప్పందం రాసుకోవడం, పని సరిగా జరిగిందో లేదో చూసుకోవడం కూడా ఖర్చులేనన్నది ఆయన వాదన. ఆ తరువాత ఆలివర్ విలియమ్సన్ మరొక మెలికను వివరించారు. ఒకరి అవసరానికి మాత్రమే పనికివచ్చే ఏర్పాటు ఒకసారి చేసుకున్న తరువాత దాని నుంచి బయటపడటం కష్టం. ఆ కష్టం తెలిసిన ఎదుటి పక్షానికి బేరంలో బలం పెరుగుతుంది.

రైతు సంస్థకు ఈ సూత్రాలు బాగా వర్తిస్తాయి. వెబ్‌సైటు తయారు చేసేవారు ఏ పట్టణంలోనైనా పదిమంది దొరుకుతారు. ఒకరు మానేస్తే మరొకరు వస్తారు. 500 మంది సభ్యుల మూడేళ్ల సేకరణ వివరాలు ఒకే సంస్థ వారి సొంత సాఫ్ట్‌వేరులో, వారికే అర్థమయ్యే రూపంలో ఉంటే మాత్రం పరిస్థితి వేరు. మొదటి సంవత్సరం ఉచితంగా ఇచ్చిన సేవకు నాలుగో సంవత్సరం ఎంత అడిగినా చెల్లించక తప్పదు.

బయటికి ఇవ్వదగినవి

మూడు లక్షణాలున్న పనిని నిస్సంకోచంగా బయటికి ఇవ్వవచ్చు. అది అన్ని సంస్థలకూ ఒకే తీరుగా ఉండాలి. సంవత్సరంలో కొద్ది రోజులు మాత్రమే అవసరం కావాలి. చేసేవారిని మార్చినా మనకు నష్టం కలగకూడదు.

చట్టబద్ధమైన వార్షిక పత్రాల దాఖలు ఇటువంటిది. నమూనాలు దేశమంతటికీ ఒకటే, గడువులు నిర్ణీతం, తప్పితే అపరాధ రుసుము. ఇందుకు నిపుణుడైన గణకుని ఆశ్రయించడమే మేలు. వెబ్‌సైటు నిర్మాణం, కంప్యూటర్ల మరమ్మతు, సమాచారాన్ని భద్రపరచే సర్వర్ల నిర్వహణ కూడా ఈ కోవలోనివే. సర్వర్లను సొంతంగా నడపడం ఏ చిన్న సంస్థకూ తగిన పని కాదు.

డ్రోన్‌తో మందు పిచికారీ మరొక చక్కని ఉదాహరణ. 10 లీటర్ల ట్యాంకు గల డ్రోన్‌ను నడపడానికి 2021 డ్రోన్ నియమాల ప్రకారం అధీకృత శిక్షణ సంస్థ నుంచి రిమోట్ పైలట్ ధ్రువపత్రం ఉండాలి. బ్యాటరీలు కాలక్రమేణా సామర్థ్యం కోల్పోతాయి, వాటిని మార్చవలసి వస్తుంది. పని మాత్రం పైరు దశను బట్టి కొన్ని వారాలే ఉంటుంది. సబ్సిడీ వస్తున్నదన్న కారణంతో డ్రోన్ కొని, పైలట్ మరొక ఉద్యోగానికి వెళ్లిపోయిన తరువాత దానిని గదిలో ఉంచుకోవడం కంటే ఎకరాకు ఇంతని అద్దెకు పిలవడమే సబబు. సంవత్సరం పొడవునా పని చూపగల విస్తీర్ణం, ఇద్దరు శిక్షణ పొందిన సభ్యులు ఉన్న సంస్థకు మాత్రమే సొంత డ్రోన్ గురించి ఆలోచించే అవకాశం ఉంటుంది.

అయితే అద్దె డ్రోన్ వచ్చినా ఏ మందు, ఎంత మోతాదు, ఏ దశలో అన్న నిర్ణయం పైలట్‌ది కాదు. ఇక్కడి నుంచి రెండవ జాబితా మొదలవుతుంది.

చేతిలో ఉంచుకోవలసినవి

మొదటిది సభ్యుల పట్టిక, వాటాల రిజిస్టరు. రెండవది సేకరణ, తూకం, చెల్లింపుల దినచర్య లెక్క. మూడవది పొలం వారీ సాగు సమాచారం: విత్తిన తేదీ, రకం, వేసిన ఎరువు, కొట్టిన మందు, వచ్చిన దిగుబడి. నాలుగవది సభ్యులకు ఇచ్చే పంట సలహాపై తుది మాట.

ఈ నాలుగూ ఎందుకు ప్రత్యేకం? తెలుగు గ్రామ చరిత్రలోనే ఇందుకు సమాధానం ఉన్నది. గ్రామ భూముల లెక్కలు తరతరాలుగా కరణం చేతిలో ఉండేవి. కరణానికి భూమి ఎంత ఉన్నదన్నది ముఖ్యం కాదు, ఊరి భూమి లెక్క ఆయన దఫ్తరంలో ఉండటమే ఆయన బలం. పేరు ఎక్కించాలన్నా, హద్దు తేల్చాలన్నా ఆయన గుమ్మం ఎక్కవలసిందే. 1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ వంశపారంపర్య గ్రామాధికార వ్యవస్థ రద్దయింది. రైతులు తమకోసం తాము ఏర్పరచుకున్న సంస్థ తన లెక్కలను నగరంలోని ఒక కార్యాలయానికి పూర్తిగా అప్పగిస్తే, కంప్యూటరు రూపంలో కొత్త కరణాన్ని తానే నియమించుకున్నట్లవుతుంది.

సాగు సమాచారం విలువను ఒక సస్య శాస్త్రవేత్తగా మరికొంత వివరించాలి. 2021-22లో తెలుగు రాష్ట్రాల మిరప పొలాలను నల్ల తామర పురుగులు ముంచెత్తాయి. త్రిప్స్ పార్విస్పైనస్ అన్న ఆ కొత్త పురుగు పూలలో చేరి కాపును దెబ్బతీసింది. రైతులు వరుసగా మందులు మార్చి మార్చి కొట్టారు. అటువంటి సమయంలో ఏ తేదీన నాటిన తోటలు తట్టుకున్నాయి, ఏ రకం ఎక్కువగా దెబ్బతిన్నది, ఏ మందు ఎన్నిసార్లు కొట్టిన చోట ఫలితం ఏమిటి అన్న ప్రశ్నలకు కొన్ని వందల పొలాల నమోదు అమూల్యమైన ఆధారం. ఎగుమతిదారు మిరపలో పురుగుమందుల అవశేషాల గురించి అడిగినప్పుడు చూపవలసినది కూడా ఆ నమోదే. ఆ వివరాలు సంస్థ చేతిలో ఉంటే విశ్వవిద్యాలయంతో కలిసి విశ్లేషించవచ్చు, కొనుగోలుదారుతో మెరుగైన ధరకు బేరమాడవచ్చు. మరొకరి సర్వరులో, మన అనుమతి లేకుండా చూడగలిగిన స్థితిలో ఉంటే ఆ బేరం వారు చేసుకుంటారు.

పంట సలహా విషయం ఇంకా సున్నితమైనది. సలహా ఇచ్చే ఫోను అనువర్తనం మందుల అమ్మకం ద్వారా ఆదాయం పొందేదైతే, "ఇప్పుడు మందు అవసరం లేదు" అన్న సలహా దాని నుంచి ఎన్నిసార్లు వస్తుంది? పురుగు ఆర్థిక నష్ట పరిమితిని దాటనప్పుడు ఆగమని చెప్పడమే విస్తరణ శాస్త్రంలో అతి విలువైన సలహా. దానికి అమ్మకపు రశీదు ఉండదు. అందువల్ల బయటి అనువర్తనాన్ని వాడినా, అది పంపే సలహాను విశ్వవిద్యాలయ సిఫారసుతో పోల్చి చూసే మనిషి సంస్థలో ఉండాలి.

లెక్క వేసి చూద్దాం

ఖర్చు వాదనను తేలికగా కొట్టివేయలేము. అంచనా కోసం 500 మంది సభ్యులున్న ఒక సంస్థను ఊహించుకుందాం. ఇక్కడి అంకెలు పద్ధతిని చూపడానికి తీసుకున్నవే; స్థానిక ధరలతో వీటిని మార్చుకోవాలి.

మొదటి మార్గంలో లెక్కల పని అంతా బయటికి ఇస్తారు. రుసుము నెలకు 6,000 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 7,080, సంవత్సరానికి 84,960. సేవకు చెల్లించిన పన్నును పెద్ద వ్యాపారి తన అమ్మకాలపై పన్నులో సర్దుబాటు చేసుకుంటాడు. తాజా కూరగాయలు, పండ్లు వంటి పన్ను లేని సరుకులు అమ్మే రైతు సంస్థకు ఆ వెసులుబాటు ఉండదు కాబట్టి పన్ను కూడా ఖర్చే. బయటి వారిచ్చే ధరల పత్రంలో ఈ మొత్తాన్ని చాలామంది గమనించరు.

రెండవ మార్గంలో పూర్తిగా సొంత సిబ్బంది. నెలకు 12,000 వేతనం, సంవత్సరానికి 10,000 సాఫ్ట్‌వేర్ రుసుము అనుకుంటే 1,54,000 అవుతుంది. మొదటి మార్గం కంటే 69,040 ఎక్కువ; అంటే సభ్యునికి ఏడాదికి సుమారు 138 రూపాయల అదనపు భారం.

మూడవ మార్గంలో ఎరువుల దుకాణంలో ఇప్పటికే ఉన్న ఉద్యోగికి శిక్షణనిచ్చి, నెలకు 4,000 అదనంగా చెల్లించి రోజువారీ నమోదు చేయిస్తారు. నెలకొకసారి లెక్కల సమీక్ష, పత్రాల దాఖలు బయటి గణకునికి ఇస్తారు. ఆయన రుసుము 3,000, పన్నుతో 3,540. ఉద్యోగికి 48,000, గణకునికి 42,480, సాఫ్ట్‌వేరుకు 10,000 కలిపి 1,00,480 అవుతుంది. పూర్తిగా బయటికి ఇవ్వడం కంటే ఇది 15,520 ఎక్కువ. సభ్యునికి 31 రూపాయలు.

ప్రశ్న ఇలా మారుతుంది: సభ్యుడు ఏడాదికి 31 రూపాయలు ఆదా చేసుకొని తన లెక్క తన ఊళ్లో ఉండే హక్కును వదులుకోవాలా? ఈ రూపంలో ప్రశ్నను సర్వసభ్య సమావేశం ముందు పెడితే రైతు జవాబు ఏమిటో నాకు అనుమానం లేదు. "బయటివారు చవక" అన్న ఒక్క వాక్యంగా పెట్టినప్పుడే జవాబు మరోలా ఉంటుంది.

బాధ్యత బయటికి పోదు

పనిని అప్పగించిన కొందరు సంచాలకులు దానితో బాధ్యత కూడా తీరిపోయిందని భావిస్తున్నారు. చట్టం అలా చూడదు. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను 8 ఆర్థిక సంవత్సరాల పాటు భద్రపరచాలి. సాఫ్ట్‌వేరులో లెక్కలు రాసే కంపెనీలు 2023 ఏప్రిల్ 1 నుంచి, చేసిన ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసే సాఫ్ట్‌వేరునే వాడాలి. ఆ నమోదును ఆపివేసే వీలు ఉండకూడదు. ఎలక్ట్రానిక్ పుస్తకాల నకలు ప్రతిరోజూ భారతదేశంలోని సర్వరులో నిలవాలి. బయటి సంస్థ వాడే సాఫ్ట్‌వేరులో ఈ ఏర్పాట్లు లేకపోతే జవాబు చెప్పవలసింది రైతు కంపెనీయే. సహకార చట్టాల కింద నమోదైన సంస్థలకు కంపెనీల చట్టం వర్తించకపోయినా, ఆ జాగ్రత్తల అవసరం వాటికీ ఉన్నది.

సభ్యుల ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, భూమి వివరాలు వ్యక్తిగత సమాచారం. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ప్రకారం ఆ సమాచారాన్ని సేకరించి, ఎందుకు వాడాలో నిర్ణయించే సంస్థే దానికి బాధ్యురాలు. తన తరఫున బయటివారు ఆ సమాచారాన్ని వాడినప్పుడు కూడా, ఒప్పందంలో ఏమి రాసుకున్నా, బాధ్యత ఆ సంస్థదే. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన నిబంధనలు దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. సభ్యుల పట్టికను వాట్సాప్‌లో అడిగిన వారందరికీ పంపే అలవాటు ఇక మానవలసిందే.

ఒప్పందంలో ఉండవలసినవి

బయటి సేవ తీసుకున్న ప్రతి సంస్థ వ్రాతపూర్వకమైన ఒప్పందం చేసుకోవాలి. అందులో కనీసం ఈ అయిదు అంశాలు స్పష్టంగా ఉండాలి.

1. సమాచారం సంస్థదే. అడిగిన వారం రోజులలో ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే సాధారణ పట్టిక రూపంలో మొత్తం సమాచారాన్ని అప్పగించాలి.

2. డొమైన్ పేరు, ఈమెయిలు, బ్యాంకు, పన్ను ఖాతాలు సంస్థ పేరుతో, సంస్థ సొంత ఫోను నంబరుతో ఉండాలి. డిజిటల్ సంతకపు పరికరం సంచాలకుని వద్దనే ఉండాలి. గణకుని సొరుగులో కాదు.

3. సమాచారాన్ని మరొకరికి అమ్మడం గాని, వేరొక ప్రయోజనానికి వాడడం గాని చేయరాదు.

4. విత్తే కాలంలోను, సేకరణ కాలంలోను సేవ ఆగితే ఎన్ని గంటలలో పునరుద్ధరించాలో, విఫలమైతే రుసుములో ఎంత కోతో రాసుకోవాలి. ఫిబ్రవరిలో మిరప సేకరణ వేళ ఒక రోజు ఆలస్యం, ఆగస్టులో వారం ఆలస్యం ఒకటి కావు.

5. ఒప్పందం ముగిసినప్పుడు అప్పగింత ఎలా జరగాలి, అందుకు రుసుము ఉందా అన్నది మొదటే తేల్చుకోవాలి. వారి వద్ద నకళ్లు మిగలరాదు.

వీటికి ఒప్పుకోని సేవాసంస్థ ఎంత చవకగా వచ్చినా వద్దనడమే క్షేమం.

మరొక మార్గం: పదిమంది కలిసి

సొంతంగా చేసుకోవడం, బయటివారికి ఇవ్వడం అన్న రెండు దారుల మధ్య మరొకటి ఉన్నది. ఒక జిల్లాలోని పది సంస్థలు కలిసి ఒక సమాచార సాంకేతిక సహాయకుని, ఒక గణకుని నియమించుకొని ఖర్చు పంచుకోవచ్చు. రైతులు కలిసి ఎరువు కొనడంలో ఉన్న తర్కమే ఇందులోనూ ఉన్నది. పెద్ద ఎత్తున దీనికి పోలిక ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణ. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 63,000 సంఘాలకు 2,516 కోట్ల రూపాయల వ్యయంతో ఆమోదించిన ఆ పథకానికి మూలం అన్ని సంఘాలకూ ఒకే ఉమ్మడి సాఫ్ట్‌వేరు. రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు సమాఖ్యల ద్వారా అటువంటి ఉమ్మడి సేవ ఏర్పడితే బేరమాడే శక్తి పెరుగుతుంది, మనిషి మారినా సేవ ఆగదు.

ఆక్షేపణలు

చదువు, నైపుణ్యం లేని చిన్న సంస్థ లెక్కలను చేతిలో ఉంచుకొని ఏమి చేస్తుందన్నది ఒక ఆక్షేపణ. అందులో నిజం లేకపోలేదు. తప్పుల తడక సొంత లెక్క కంటే చక్కని బయటి లెక్క మేలే. కాని చేతిలో ఉంచుకోవడమంటే సాఫ్ట్‌వేరు రాయడం కాదు. నమోదు చేయగల, నివేదిక చదవగల, తేడా వస్తే ప్రశ్నించగల ఒక్క మనిషి సంస్థలో ఉండటం. ఊరిలో డిగ్రీ చదివి ఉన్న సభ్యుల పిల్లలు ఈ పనికి సమర్థులే. పని తెలిసిన కొనుగోలుదారుకే మంచి సేవ దొరుకుతుంది. ఏమీ తెలియని సంస్థకు బయటి సేవను పర్యవేక్షించడం కూడా చేతకాదు.

దీనికి ఎదురైన ధోరణి అన్నీ మనమే చేసుకోవాలన్న పట్టుదల. అది కూడా హానికరమే. ఒక్క ఉద్యోగికే అన్నీ తెలిసి, అతడు మానేస్తే సంస్థ స్తంభించిపోవడం బయటివారిపై ఆధారపడటానికి భిన్నమైనది కాదు. పాస్‌వర్డులు ఒకరికే తెలిసి ఉండటం ఇంట్లో జరిగినా ప్రమాదమే. పొరుగింటి పుల్లకూర రుచి అని బయటివారిని నమ్మడమూ, మనవాడే కదా అని ఇంటివాడిని లెక్క అడగకపోవడమూ ఒకే అలసత్వానికి రెండు రూపాలు.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థుల పాత్ర

ఏ వంగడం వేయాలో, ఎంత నత్రజని వేయాలో చెప్పగల మన విస్తరణ వ్యవస్థ, రైతు సంస్థ తన సమాచారాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్పడానికి ఇంకా సిద్ధపడలేదు. కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలో సంచాలకులకు ఒక పూట దీనికి కేటాయించడం కష్టం కాదు. ఒప్పంద నమూనాను తెలుగులో తయారుచేసి అందించడం విశ్వవిద్యాలయం చేయగల ఉపకారం.

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థులు తమకు కేటాయించిన గ్రామంలోని సంస్థ వద్ద మూడు ప్రశ్నలు అడగాలి. సభ్యుల పట్టిక తాజా ప్రతి ఈరోజు కార్యాలయంలో తెరవగలరా? సేవాసంస్థ రేపు మూతపడితే ఎల్లుండి తూకం చీటీ రాయగలరా? బ్యాంకు, పన్ను ఖాతాల ఫోను నంబరు ఎవరిది? ఈ జవాబులను సంస్థ వ్యాపార పరిమాణంతో, సభ్యుల భాగస్వామ్యంతో పోల్చి చూస్తే స్నాతకోత్తర పరిశోధనకు తగిన అంశం అవుతుంది. సొంత, బయటి, ఉమ్మడి సేవల వ్యయాన్ని మన జిల్లాల అంకెలతో లెక్కగట్టే పని కూడా విద్యార్థులు చేపట్టవలసినదే.

రైతు ఉత్పత్తిదారుల సంస్థ ఉద్దేశం రైతును తన పంటకు ధర చెప్పగల స్థితికి తేవడం. తన సభ్యులు ఎవరో, ఎంత పండించారో, ఎంత చెల్లించాలో మరొకరిని అడిగి తెలుసుకోవలసిన సంస్థకు ఆ స్థితి రాదు. ఏ సేవను బయటికి ఇచ్చేటప్పుడైనా సంచాలక మండలి తీర్మానంలో రుసుముతో పాటు మరొక వాక్యం రాయాలి: ఈ సేవ రేపు ఆగితే మన చేతిలో ఏమి మిగులుతుంది? ఆ వాక్యానికి స్పష్టమైన జవాబు రాసిన తరువాతనే సంతకం చేయాలి.